మెటల్ వాల్వ్ వేశాక ఇంట్లో మందులు: ఐఎన్ఆర్ 1.9 వచ్చింది, ల్యాబ్‌లో పర్లేదన్నారు. నిజమేనా?

అడిగినవారు

అందరికీ నమస్కారం. మా అమ్మకు 44 ఏళ్లు. చిన్నప్పుడు వచ్చిన కీళ్ల జ్వరం వల్ల గుండెలోని మైట్రల్ వాల్వ్ పాడైందని చెప్పి, ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ చేసి మెటల్ వాల్వ్ వేశారు. ఇంటికొచ్చి రెండు వారాలైంది. మాది ఖమ్మం వైపు పల్లె. వాడుతున్నవి: సాయంత్రం రక్తం పలచన చేసే అసిట్రోమ్ 2 ఎంజీ, ఎకోస్ప్రిన్ (ఆస్పిరిన్) 75, పొద్దున ఒంట్లో నీరు తీసే లాసిలాక్టోన్ 50, మెటోప్రొలాల్ 25, లానాక్సిన్ (డిగాక్సిన్) సగం మాత్ర, పాంటాప్రజోల్, ఐరన్ మాత్ర. నిన్న పక్క టౌన్‌లో పరీక్ష చేయిస్తే ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చూపే అంకె) 1.9 వచ్చింది. "నార్మల్ 0.8 నుంచి 1.2, కొంచెమే ఎక్కువుంది, పర్లేదు" అన్నారు. డిశ్చార్జ్ కాగితంలో మాత్రం 2.5–3.5 అని ఉంది. ఏది నమ్మాలి? ఆకుకూరలు పూర్తిగా మానేయాలని చుట్టాలు అంటున్నారు, అదీ చెప్పండి.

కార్డియాక్ వార్డు నర్సు

తమ్ముడూ, మిగతాది తర్వాత చదువుదువుగాని, ముందు ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి ఫోన్ చెయ్యి. "మైట్రల్ మెటల్ వాల్వ్, ఐఎన్ఆర్ 1.9, అసిట్రోమ్ 2 ఎంజీ" అని ఈ మూడు ముక్కలు చెప్తే వాళ్లకు అర్థమైపోతుంది. ఇది వచ్చే చెకప్ దాకా ఆగే విషయం కాదు.

ల్యాబ్ రిపోర్టు మీద అచ్చయ్యే నార్మల్, రక్తం పలచన చేసే మందు వాడనివాళ్లది. అమ్మకు నార్మల్ అంటే డిశ్చార్జ్ కాగితంలో ఉన్నదే. మైట్రల్ చోట మెటల్ వాల్వ్ ఉంటే మామూలుగా 2.5–3.5 మధ్య పెడతారు, అయోర్టిక్ (గుండెలోని ఇంకో వాల్వ్) చోట అయితే వేరే ఇబ్బందులు లేనివాళ్లకు 2–3. మైట్రల్ దగ్గర రక్తం మెల్లగా పారుతుంది, అందుకే అక్కడ గడ్డ కట్టే ప్రమాదం ఎక్కువ. అందులోనూ ఆపరేషన్ అయిన మొదటి మూడు నెలలు, వాల్వ్ చుట్టూ కుట్లు ఇంకా పొర కప్పుకోని సమయం. ఐఎన్ఆర్ తగ్గితే పైకి ఏమీ తెలియదు. నొప్పి ఉండదు, నీరసం ఉండదు. గడ్డ కట్టి వాల్వ్ రెక్క ఇరుక్కున్నాకో, ముక్క ఊడి మెదడుకు పోయాకో తెలుస్తుంది. 1.9 చూసి ఊరుకోకూడదనడం అందుకే.

అసిట్రోమ్ సాయంత్రమే ఎందుకంటే, పొద్దున రక్తం ఇస్తే మధ్యాహ్నానికి రిపోర్టు వస్తుంది, డాక్టరు డోసు మారిస్తే ఆ రోజే మార్చిన డోసు వేయొచ్చు. 6 గంటలో 7 గంటలో, ఒక టైం పెట్టుకుని దాన్నే పాటించండి. మరిచిపోయి రాత్రి పడుకునేలోపు గుర్తొస్తే వేసేయండి. మర్నాడు గుర్తొస్తే పోయిన డోసు పోయినట్టే, రెండూ కలిపి వేయొద్దు. మరిచిన తేదీ మాత్రం రాసి పెట్టుకోండి. లేకపోతే మందు వేసినా ఐఎన్ఆర్ తగ్గిందనుకుని డాక్టరు అనవసరంగా డోసు పెంచుతారు.

డోసును వారం మొత్తానికి లెక్క కడతారు. ఉదాహరణకు సోమ, బుధ, శుక్ర 3 ఎంజీ, మిగతా నాలుగు రోజులు 2 ఎంజీ అంటే వారానికి 17 ఎంజీ. కొంచెం పెంచాలంటే ఇంకో రోజును 3 చేస్తారు, 18 అవుతుంది. ఇళ్లలో తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి. చీటీ మీద ఉన్న "2" అంటే 2 ఎంజీయా, రెండు మాత్రలా? అసిట్రోమ్ 1, 2, 3, 4 ఎంజీల్లో దొరుకుతుంది. షాపులో "2 లేవు, 4 తీసుకోండి, సగం చేసుకోండి" అంటే ఒప్పుకోవద్దు. ఇంట్లో ఇంకెవరైనా మాత్ర ఇచ్చిన రోజు సగం చేయడం మర్చిపోతే డోసు రెట్టింపైపోతుంది. గోడ క్యాలెండర్‌లో ప్రతి తేదీ గడిలో ఆ రోజు వేయాల్సిన ఎంజీ ముందే రాసి, వేశాక గీత కొట్టండి. ఐఎన్ఆర్ అంకె కూడా అదే గడిలో రాయండి. ఆ క్యాలెండర్ ఫొటో ఒక్కటి పంపితే చాలు, డాక్టరుకు మొత్తం తెలిసిపోతుంది.

ఆకుకూరలు మానక్కర్లేదు. తోటకూర, పాలకూర, గోంగూర, మునగాకుల్లో విటమిన్ కె ఉంటుంది, అది అసిట్రోమ్‌కు ఎదురు పనిచేస్తుంది. అమ్మ వారానికి రెండు మూడుసార్లు పప్పులో వేసుకుని తినే మనిషైతే అలాగే తిననివ్వండి. అలా తింటుండగానే డోసు సరిచేస్తారు. పది రోజులు పూర్తిగా మానేసి, తర్వాత గోంగూర బాగా వచ్చిందని మూడు రోజులు వరసగా తింటే అప్పుడు ఐఎన్ఆర్ ఊగిపోతుంది. ఉపవాసాలూ అంతే. కార్తీక మాసంలో ఒంటిపూట భోజనం చేసినా, విరేచనాలతో నాలుగు రోజులు తిండి తగ్గినా ఐఎన్ఆర్ పెరుగుతుంది. తిండి మారిన వారం పరీక్ష ముందుకు జరపండి.

ల్యాబ్ టెక్నీషియన్

నర్సు గారు చెప్పినదానికి ఒక ముక్క కలుపుతాను. ఈ పరీక్షకు నీలం మూత ట్యూబ్ వాడతారు. అందులో ముందే సిట్రేట్ ద్రవం ఉంటుంది, ఒక వంతు సిట్రేట్‌కు తొమ్మిది వంతుల రక్తం కలవాలి. 0.3 మిల్లీలీటర్లకు 2.7 అన్నమాట. గీత దాకా రక్తం నిండకపోతే ఐఎన్ఆర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఆ అంకె చూసి డోసు తగ్గిస్తే అసలుకే మోసం. రక్తం తీసేటప్పుడు ట్యూబ్ మీద గీత చూడండి, తక్కువైతే మళ్లీ తీయమనండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

ల్యాబ్ ఒకటే పెట్టుకోండి. రిపోర్టులో పీటీ సెకన్లతో (రక్తం గడ్డకట్టడానికి పట్టిన టైం) పాటు ఐఎన్ఆర్ ఉందో లేదో చూసుకోండి. సెకన్లు ల్యాబ్‌ను బట్టి మారతాయి, డాక్టరుకు కావాల్సింది ఐఎన్ఆర్.

అడిగినవారు

ఫోన్ చేశానక్కా. అసిట్రోమ్ 3 ఎంజీ చేశారు, ఐఎన్ఆర్ 2.5 దాటేదాకా పొద్దున, రాత్రి రక్తం గడ్డకట్టకుండా ఎనాక్సపరిన్ సూదులు రాశారు. మూడు రోజుల తర్వాత మళ్లీ పరీక్ష చేయించమన్నారు. మా ఊరి ఆర్‌ఎంపీ గారు తుంటికి వేస్తానంటున్నారు. అలాగే, అమ్మకు ఒళ్లు నొప్పులుంటే షాపులో ఏం అడగొచ్చు?

కార్డియాక్ వార్డు నర్సు

తుంటికి వద్దు తమ్ముడూ. అది పొట్ట చర్మం కింద కొవ్వులోకి వెళ్లాల్సిన సూది, కండలోకి పోతే లోపల రక్తం గడ్డలా చేరుతుంది. బొడ్డుకు రెండంగుళాలు ఎడంగా, పూటకొక పక్క వేయాలి. చర్మాన్ని మడతలా పట్టుకుని సూదిని నిటారుగా దించి, మందు పూర్తిగా ఎక్కి సూది బయటికి వచ్చేదాకా మడత వదలొద్దు. సిరంజిలో మందు మొత్తం ఇవ్వమంటే అందులోని గాలి బుడగను తీసేయొద్దు, అది ఉండాల్సిందే. తర్వాత రుద్దొద్దు, రుద్దితే కమిలిపోతుంది. రెండు సూదులకు మధ్య 12 గంటలు ఉండాలి.

ఫార్మసిస్టు

నొప్పికి పారాసెటమాల్ ఒక్కటే. 500 ఎంజీ రోజుకు మూడు నాలుగు, అదీ రెండు మూడు రోజులు. రోజుకు నాలుగు చొప్పున వారాల తరబడి వేస్తే అదీ ఐఎన్ఆర్ పెంచుతుంది. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ ముట్టుకోవద్దు. ఇవి కడుపులో పుండు చేస్తాయి, రక్తం పలచనయ్యే మందు మీద ఆ పుండు కారడం మొదలైతే ఆగదు. పైగా ఒంట్లో నీరు నిలబెట్టి లాసిలాక్టోన్ పని చెడగొడతాయి. షాపులో చిల్లరగా ఇచ్చే "నొప్పుల సెట్టు"లో ఇవే ఉంటాయి కాబట్టి పేరు అచ్చైన స్ట్రిప్ లేకుండా ఏ మాత్రా తీసుకోకండి. ఎకోస్ప్రిన్ డాక్టరు రాసినది, అది వేరే లెక్క. ఎన్నాళ్లు వాడాలో చెకప్‌లో అడిగి రాయించుకోండి.

మన ఊళ్లలో అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తీసేది మెట్రోనిడజోల్. విరేచనాలనగానే అడగకుండానే ఇచ్చేస్తారు. అసిట్రోమ్ మీద అది పడితే కొద్ది రోజుల్లోనే ఐఎన్ఆర్ బాగా పెరిగిపోవచ్చు. కోట్రైమాక్సజోల్, సిప్రోఫ్లాక్సాసిన్, తామరకు ఇచ్చే ఫ్లూకొనజోల్, నోటి పూతకు రాసే మైకొనజోల్ జెల్ కూడా ఇదే కోవ. గుండె దడకు అమియోడరోన్ మొదలుపెడితే అసిట్రోమ్ తగ్గించాల్సి వస్తుంది, ఆ ప్రభావం వారాల తరబడి పోదు. టీబీ మందు రిఫాంపిసిన్, ఫిట్స్ మందులు ఫెనిటాయిన్, కార్బమజెపిన్ సాధారణంగా దీనికి తిరగబడి ఐఎన్ఆర్ దించేస్తాయి. వీటిలో ఏది మొదలుపెట్టినా, ఆపినా, మూడు నుంచి ఐదు రోజుల్లో పరీక్ష చేయించాలి. ఆపినప్పుడు కూడా అన్న మాట చాలామంది మర్చిపోతారు.

ఇంకో మాట గట్టిగా చెప్తాను. "పరీక్షలు అక్కర్లేని కొత్త మందులున్నాయి" అని ఎవరైనా డాబిగట్రాన్, రివరాక్సబాన్, ఎపిక్సబాన్ చెప్తే మెటల్ వాల్వ్ ఉన్నవాళ్లకు అవి పనికిరావు. డాబిగట్రాన్‌ను మెటల్ వాల్వ్‌లకు వాడి చూసిన పరీక్షలో గడ్డలూ రక్తస్రావాలూ రెండూ ఎక్కువై మధ్యలోనే ఆపేశారు, ఆ ఫలితాలు 2013లో వచ్చాయి. అసిట్రోమ్ జాతిదే అయిన వార్ఫరిన్ వాడొచ్చుగానీ 2 ఎంజీ అసిట్రోమ్‌కు బదులు 2 ఎంజీ వార్ఫరిన్ కాదు, రెండింటి బలం వేరు.

లాసిలాక్టోన్‌లోని స్పైరోనొలాక్టోన్ పొటాషియం నిలబెడుతుంది. అందుకని రోజూ కొబ్బరి బోండాలు తాగించకండి. "తక్కువ సోడియం ఉప్పు" ప్యాకెట్లలో ఉండేది పొటాషియమే, అదీ వద్దు. మామూలు ఉప్పే తగ్గించండి, పచ్చళ్లు, అప్పడాలు పక్కన పెట్టండి. లానాక్సిన్ ఎక్కువైతే ముందు ఆకలి పోతుంది, వికారం, చూపులో పసుపు రంగు, నాడి 60 కంటే తగ్గడం వస్తాయి. అన్నం సయించడం లేదంటే గ్యాస్ అనుకోకుండా నాడి చూడండి. నిమిషం నిండా లెక్కపెట్టండి, 15 సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే తప్పు వస్తుంది.

ఫిజియోథెరపిస్టు

ఇంటిపని గురించి అడగలేదుగానీ చెప్పాల్సిందే. రొమ్ము ఎముకను తీగతో కుట్టారు, అది అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, గట్టిపడటానికి మూడు నెలలు. అప్పటిదాకా రెండు మూడు కేజీలకు మించి ఎత్తకూడదు. నిండు బిందె, గ్యాస్ బండ, మనవడు, ఏదీ వద్దు. బోరింగు కొట్టడం, దుప్పట్లు పిండటం, రుబ్బడం బరువు ఎత్తడం కంటే చెడ్డవి, ఎందుకంటే రెండు చేతులూ ఎముకను రెండు పక్కలకు లాగుతాయి. మంచం మీంచి లేచేటప్పుడు చేతులతో పట్టి లాగి లేపకండి. పక్కకు ఒత్తిగిల్లి, కాళ్లు కిందికి దించి, మోచేత్తో మెల్లగా లేవాలి. దగ్గు వస్తే దిండును రొమ్ముకు అదుముకుని దగ్గాలి. కదిలినప్పుడు ఎముకలో టక్కుమని చప్పుడు, కుట్టు ఎర్రబడటం, చీము, 100.4 దాటిన జ్వరం ఉంటే అదే రోజు చూపించాలి. కుట్టు మీద పసుపు, కొబ్బరినూనె, పౌడరు వేయొద్దు. సబ్బు నీళ్లు పోసి మెత్తటి గుడ్డతో అద్దితే చాలు.

నడక ఐదేసి నిమిషాలు రోజుకు మూడు నాలుగుసార్లు మొదలుపెట్టి, రెండ్రోజులకోసారి ఒకటి రెండు నిమిషాలు పెంచుతూ ఆరు వారాలకు అరగంట చేర్చండి. నడుస్తూ మాట్లాడగలగాలి, మాట తెగిపోతుంటే వేగం ఎక్కువైనట్టు.

అడిగినవారు

నిన్నటి పరీక్షలో 2.7 వచ్చింది, సూదులు ఆపమన్నారు. అందరికీ చేతులెత్తి దండం. రెండు చివరి సందేహాలు. అమ్మకు పన్ను ఊగుతోంది, పీకించాలి. కీళ్ల జ్వరం మళ్లీ రాకుండా వేసే పెన్సిలిన్ సూది పెనిడ్యూర్, ఆపరేషన్ అయ్యాక ఇంక అక్కర్లేదా?

కార్డియాక్ వార్డు నర్సు

2.7 మంచి మాట. ఇప్పుడు వారానికోసారి, వరసగా కుదురుగా వస్తుంటే నెలకోసారి. నెల దాటనివ్వొద్దు.

ఊగే పన్ను మరీ బాధ పెట్టకపోతే ఎప్పుడు తీయించాలో సర్జన్‌ను అడిగి నిర్ణయించండి. తీసేటప్పుడు అసిట్రోమ్ మీ అంతట మీరు ఆపకండి, పళ్ల డాక్టరు ఆపమన్నా ముందు గుండె డాక్టరుతో మాట్లాడించండి. ముందురోజు ఐఎన్ఆర్ చూసి, పరిధిలో ఉంటే మందు ఆపకుండానే పన్ను తీసి, ట్రానెక్సామిక్ ద్రవంతో పుక్కిలింపజేస్తారు. పెన్సిలిన్ పడేవాళ్లకు గంట ముందు అమోక్సిసిలిన్ 2 గ్రాములు ఒకేసారి ఇవ్వాలి. నోటిలోని క్రిములు రక్తంలోకి వెళ్లి వాల్వ్‌కు పడితే మళ్లీ ఆపరేషన్ దాకా పోతుంది.

పెనిడ్యూర్ ఆపకూడదు. కొత్త వాల్వ్ వేసినా కీళ్ల జ్వరం మళ్లీ వస్తే మిగతా వాల్వులు పాడవుతాయి. 21 రోజులకోసారి 12 లక్షల యూనిట్లు తుంటికి ఇస్తారు. ఐఎన్ఆర్ 3.5 దాటిన వారం అయితే ముందు డాక్టరును అడగండి, వేసిన చోట ఐదు నిమిషాలు నొక్కి పట్టాలి. సూది కుదరనివాళ్లకు రోజుకు రెండుసార్లు పెన్సిలిన్ మాత్రలు రాస్తారు.

అమ్మ ఛాతీలో వినిపించే టిక్కు టిక్కు వాల్వ్ మూసుకునే చప్పుడు, దానికి భయపడొద్దు. ఆ చప్పుడు ఉన్నట్టుండి మందగించినా, కొత్తగా ఆయాసం వచ్చినా, మూతి వంకర పోయినా, మాట తడబడినా, ఒక చెయ్యి పట్టు తప్పినా 108కి ఫోన్ చేసి, వాళ్లకు మొట్టమొదట "మెటల్ వాల్వ్, అసిట్రోమ్" అని చెప్పండి. తలకు దెబ్బ తగిలితే బాగానే ఉన్నా స్కాన్ తీయించాలి. ఐరన్ మాత్ర వల్ల మలం నల్లగా వస్తుంది, కానీ తారులా జిగటగా, దుర్వాసనతో వస్తే అది రక్తం. ముక్కు రక్తం పది నిమిషాలు నొక్కి పట్టినా ఆగకపోయినా, మూత్రం ఎర్రగా వచ్చినా వెంటనే వెళ్లాలి. ఐఎన్ఆర్ ఎక్కువైందని దగ్గర్లో ఎవరైనా విటమిన్ కె ఇంజెక్షన్ వేయబోతే, ప్రాణం మీదికి వచ్చే రక్తస్రావం లేకుంటే ఆపి, మీ డాక్టరుకు ఫోన్ కలపండి. అది వేస్తే ఆ తర్వాత చాలా రోజుల దాకా అసిట్రోమ్ పట్టదు, ఆలోపు వాల్వ్ మీద గడ్డ కట్టొచ్చు.

రోజూ పొద్దున ఒకటికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూడండి. ఒక్క రోజులో కేజీకి మించి, లేదా వారంలో రెండు కేజీలు పెరిగితే నీరు చేరుతున్నట్టు, ఫోన్ చేయండి. ఫాలో-అప్‌లో మందులు, పరీక్షలు ఏవి ఉచితంగా వస్తాయో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడిగి రాయించుకో తమ్ముడూ, అసిట్రోమ్ కనీసం పది రోజులకు సరిపడా ఇంట్లో ఎప్పుడూ మిగిలి ఉండేలా చూసుకో.