ఆస్టిన్‌లో కోరని మేజరా, డల్లాస్‌లో ఆనర్స్‌తో సీఎస్సా?

ప్రశ్న (ఫ్రిస్కో నుంచి):
అందరికీ నమస్తే. మా అమ్మాయి ట్వెల్త్ గ్రేడ్. స్కూల్లో టాప్ 5 శాతంలో ఉంది కాబట్టి యూటీ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) ఆస్టిన్‌లో సీటైతే వచ్చింది. కానీ అడిగిన కంప్యూటర్ సైన్స్ (సీఎస్) మేజర్ కాదు, లిబరల్ ఆర్ట్స్‌లో ఇచ్చారు. ఇటు యూటీ డల్లాస్ (యూటీడీ)లో సీఎస్, ఆనర్స్ ప్రోగ్రామ్ (బాగా చదివే పిల్లలకు విడిగా నడిపేది), మంచి స్కాలర్‌షిప్ కూడా ఇస్తున్నారు. మా ఆడపడుచు "ఆస్టిన్ ఎవరైనా వదులుకుంటారా వదినా?" అంటోంది. హైదరాబాద్‌లో మా నాన్నగారేమో "యూటీడీ అంటే ఎమ్మెస్‌కి వెళ్లేది కదమ్మా" అని వీడియో కాల్‌లో పెదవి విరిచారు. ఆ ఆనర్స్‌కి విలువ ఉందా? దాని యాక్సెప్టెన్స్ రేటు, అంటే అప్లై చేసినవాళ్లలో ఎంత శాతం మందిని తీసుకుంటారో, ఎంత వెతికినా దొరకడం లేదు. మే 1 లోపు డిపాజిట్ కట్టాలి, ఒకటే టెన్షన్.

జవాబు (ప్లేనో నుంచి):
ముందు ఆ రేటు వెతకడం ఆపేయండి. ఆనర్స్‌కి ఎక్కువగా అప్లై చేసేది మంచి మార్కులున్న పిల్లలే. అందులో సగం మందిని తీసుకున్నా వడపోత గట్టిదే కావచ్చు. దాన్ని యూనివర్సిటీ మొత్తం రేటుతో పోల్చలేం.

ఆస్టిన్ రేటు కూడా అంతే, దాన్ని బట్టి సీఎస్‌కి పోటీ ఎంతో తెలియదు. టాప్ 10 శాతం పిల్లలకు సీటు గ్యారంటీ అని 1997లో టెక్సస్ చట్టం చేసింది. పిల్లలు ఎక్కువైపోయేసరికి, టెక్సస్ వాళ్ల సీట్లలో 75 శాతం అలా నిండితే చాలని ఆస్టిన్‌కి 2009లో సవరణ ఇచ్చారు. అందుకే 10 కాస్తా 6కి దిగి, ఈ 2026 బ్యాచ్‌కి 5 అయింది. ఆ గ్యారంటీ యూనివర్సిటీ వరకే, మేజర్‌కి వర్తించదు. అక్కడ సీఎస్‌కి వేరే పోటీ, సీఎస్‌లో ట్యూరింగ్ స్కాలర్స్ ఆనర్స్‌కి ఇంకా పెద్ద పోటీ. ఎంసెట్ రోజుల్లో కాలేజీనా బ్రాంచా అని ఇళ్లల్లో కొట్టుకునేవాళ్లం చూడండి, ఇదీ అదే. కాకపోతే ఇక్కడ స్లైడింగ్ (సీటొచ్చాక బ్రాంచ్ మారడం) ఉండదు. చేరాక సీఎస్‌కి మారాలంటే మళ్లీ పోటీ పడాల్సిందే.

నాన్నగారి మాటలో తప్పేం లేదు, మన ఊళ్లలో యూటీడీ ఎమ్మెస్‌తోనే తెలుసు. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వ్యవస్థాపకులు పెట్టిన పరిశోధన సంస్థ 1969లో యూనివర్సిటీ అయింది. ఫ్రెష్‌మెన్‌ని, అంటే డిగ్రీ మొదటి ఏడాది పిల్లల్ని, తీసుకోవడం 1990లోనే మొదలైంది. అండర్‌గ్రాడ్‌కి ఇంకా అంత పేరు పడలేదు, అంతే. 2015లో కెమిస్ట్రీ నోబెల్ తీసుకున్న అజీజ్ సంజార్ పీహెచ్‌డీ అక్కడే.

జవాబు (ఆస్టిన్ నుంచి):
నేను కాస్త విభేదిస్తాను. అమ్మాయికి సీఎస్ మీద నిజంగా గురి లేకపోతే ఆస్టిన్‌కే పంపండి. సబ్జెక్టులు బోలెడు, పూర్వ విద్యార్థులు ఎక్కడ చూసినా ఉంటారు. మేజర్ మార్పు దొరక్కపోతే ఆ డిగ్రీతోనే బయటికొస్తావా అని తననే సూటిగా అడగండి. సరే అంటే వెళ్లనివ్వండి. "ఎలాగోలా మారతాలే" అంటే మాత్రం వద్దు.

జవాబు (చికాగో నుంచి):
ఆనర్స్ అనగానే మురిసిపోకండి. మా పెద్దాడు వేరే రాష్ట్రంలో ఒక యూనివర్సిటీ ఆనర్స్‌లో చేరాడు. దళసరి కాగితం మీద లెటరు, ఫోల్డరు, టీషర్టు పంపారు. తీరా రెండో ఏడాది నుంచి సీఎస్‌లో ఆనర్స్ సెక్షన్లే లేవు. మామూలు క్లాసులోనే కూర్చుని, ప్రొఫెసర్‌తో ఒక ఫారం మీద సంతకం పెట్టించుకుని, అదనంగా ప్రాజెక్టు చేస్తే అదే ఆనర్స్ అన్నారు. వాడు ముగ్గురు ప్రొఫెసర్లకు రాస్తే ఇద్దరు జవాబే ఇవ్వలేదు.

పనికొచ్చింది ఒక్కటే, ముందస్తు రిజిస్ట్రేషన్. పొద్దున ఏడింటికి లాప్‌టాప్ ముందు కూర్చుని, ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో బాగా చెప్పే ఆయన సెక్షన్ పట్టేశాడు. రూమ్మేట్ వంతు మూడు రోజుల తర్వాత వచ్చింది. అప్పటికి వెయిట్‌లిస్టులో నలభై మంది!

ఆనర్స్ ఆఫీసుకి ఈమెయిల్ పెట్టండి: మూడో ఏడాది సీఎస్‌లో ఎన్ని ఆనర్స్ సెక్షన్లు నడిచాయి, ముందస్తు రిజిస్ట్రేషన్ నాలుగేళ్లూ ఉంటుందా, థీసిస్‌కి గైడ్‌ని ఎవరు చూపిస్తారు? స్కాలర్‌షిప్ నిలబడాలంటే ఎంత జీపీఏ కావాలో కూడా కనుక్కోండి. మొదటి సెమిస్టర్లో జారితే ఒక అవకాశం ఇస్తారా అన్నది ముఖ్యం.

ప్లేనో నుంచి మళ్లీ:
రెండిటి కామన్ డేటా సెట్ (యూనివర్సిటీలు తమ లెక్కలు బయటపెట్టే పత్రం) కూడా తెరవండి. అందులో సీ9 అనే భాగంలో చేరినవాళ్ల శాట్ స్కోర్లు, ఐ3లో క్లాసుకి ఎంతమందో ఉంటాయి. ఆనర్స్‌కి విడిగా ఇవ్వరు. అందుకే ఆ ఈమెయిల్ తప్పదు.

ఫ్రిస్కో నుంచి:
అందరికీ థ్యాంక్స్ అండీ. రాత్రి భోజనాల దగ్గర ఆ సూటి ప్రశ్నే అడిగాం. "సీఎస్ లేకపోతే నాకక్కడ పనేంటి మమ్మీ?" అంది, ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఈమెయిల్ తనే రాసింది. సెక్షన్ల సంగతి తేలగానే ఇక్కడ పెడతాను. నాన్నగారికి నోబెల్ సంగతి చెబితే ఊ కొట్టి ఊరుకున్నారు. అక్కడ ఫుట్‌బాల్ టీమ్ లేదు, చెస్ టీమ్ ఉందంటే మాత్రం "ఆహా, అలాగా!" అని కుర్చీలో ముందుకు జరిగారు.