సూపర్‌మ్యాన్ 4: డబ్బు లేక చెడిందా, కథే తప్పా?

రీలుడబ్బా
1987లో వచ్చిన సూపర్‌మ్యాన్ నాలుగో భాగం పేరెత్తితే చాలు, సూపర్‌హీరో సినిమాల్లోకెల్లా చెత్తది అంటారు అందరూ. నేను ఒప్పుకోను.

చూడనివాళ్ళకి కథ చెప్తా. జెరెమీ అనే బడిపిల్లాడు అణ్వాయుధాలు లేకుండా చెయ్యమని సూపర్‌మ్యాన్‌కి ఉత్తరం రాస్తాడు. ఆయన ఐక్యరాజ్యసమితికి వెళ్ళి, ఇవాళ్టి నుంచే భూమ్మీదున్న అణ్వాయుధాలన్నీ తీసేస్తానని ప్రకటిస్తాడు. అంతరిక్షంలో పెద్ద వల పట్టి, క్షిపణులన్నీ అందులో కూడేసి సూర్యుడిలోకి విసిరేస్తాడు. ఈలోపు సూపర్‌మ్యాన్ పాత శత్రువు లెక్స్ లూథర్ మ్యూజియంలో ఉన్న సూపర్‌మ్యాన్ వెంట్రుక కొట్టేసి, దాన్నుంచి న్యూక్లియర్ మ్యాన్ అనే విలన్‌ని పుట్టిస్తాడు.

ఈ ఆలోచన సూపర్‌మ్యాన్ వేషం కట్టిన క్రిస్టఫర్ రీవ్‌ది. కథలో తన మాట ఉండాలి, తనకిష్టమైన ఇంకో చిన్న సినిమాకి డబ్బు పెట్టాలి అన్న షరతుల మీదే ఆయన మళ్ళీ ఆ వేషం కట్టాడు. సినిమా తీసిన కంపెనీ కానన్ ఫిల్మ్స్ సరేనంది. తీరా మొదలయ్యాక 36 మిలియన్ డాలర్లు అనుకున్న బడ్జెట్ 17కి దిగింది. 134 నిమిషాలున్న సినిమాని గంటన్నరకి కోసేశారు. న్యూయార్క్‌లో తియ్యాల్సిన ఐక్యరాజ్యసమితి సీను ఇంగ్లండ్‌లో మిల్టన్ కీన్స్‌లో తీశారు. ఆ రోజు గురించి రీవ్ తన ఆత్మకథలో రాసుకున్నాడు: వాన, వందమంది ఎక్స్‌ట్రాలు, రోడ్డు మీద ఒక్క కారు లేదు, సందడి కోసం కాసిని పావురాలు వదిలారు. చదువుతుంటే కడుపు తరుక్కుపోతుంది.

ఆలోచన గొప్పది. పిసినారితనం చంపేసింది. అంతే నా వాదన.

కంపోజిటర్_మణికొండ
అన్నా, సూపర్‌మ్యాన్ చేతులు చాచి కెమెరా వైపు దూసుకొచ్చే షాట్ గమనించారా? సినిమా అంతా అదే. వెనక బ్యాక్‌గ్రౌండ్ మార్చడం, అదే షాట్ పెట్టడం. చైనా గోడ కూలితే కళ్ళతో చూసి ఇటుకలు మళ్ళీ పేరుస్తాడు, ఆ సీను ఇంకా ఘోరం. జనం తిట్టేది మాత్రం గ్రాఫిక్స్ చేసినవాళ్ళని.

నాకు ఇది సొంత అనుభవం కాబట్టి చెప్తున్నా. ఒక పెద్ద సినిమాకి పనిచేశాను. మధ్యలో రిలీజు ముందుకి జరిపారు, షాట్లు పెంచారు, డబ్బు తగ్గించారు. సిస్టం ముందే పడుకుని లేచేవాళ్ళం. ట్రైలర్ వచ్చిన గంటకే ట్రోలింగ్ మొదలైంది. డైరెక్టర్ గారు ఇంటర్వ్యూలో టీమ్ సరిగా చెయ్యలేదన్నారు. మా ఆఖరి జీతాలు ఇప్పటికీ రాలేదు. బడ్జెట్ సగానికి కోసినవాడు హాయిగా ఉంటాడు, షాట్‌లో బొమ్మలన్నీ కలిపి అతికే నాలాంటి కంపోజిటర్ పరువు పోతుంది. ఈ సినిమాకీ అదే జరిగింది.

గోంగూర65
సినిమాలో న్యూక్లియర్ మ్యాన్ ఒకావిడని అంతరిక్షంలోకి ఎత్తుకుపోతే ఆవిడకి ఊపిరి ఎలా ఆడిందో ఎవరైనా చెప్పండి ముందు.

పాలమూరు_బిడ్డ
గ్రాఫిక్స్ ముచ్చట జర పక్కకు పెట్టుండ్రి. 36 కాదు, 360 మిలియన్లు పెట్టినా ఈ సినిమా నిలబడది. ఒక్కడొచ్చి ఐక్యరాజ్యసమితిల నిలవడి "మీ ఆయుధాలు నేను తీస్కపోత" అంటే దేశాల ప్రతినిధులందరు లేచి చప్పట్లు కొడ్తరా? ఒక్క దేశం గూడ "మమ్మల్ని అడిగినవా" అనదా? కథ అక్కడ్నే చచ్చింది.

చరిత్ర_మాస్టారు
అప్పటి కాలాన్ని వదిలేసి ఈ సినిమాని తూచకూడదు. 1986లో ప్రపంచంలో సుమారు 70,000 వార్‌హెడ్లు, అంటే క్షిపణుల్లాంటివాటికి తగిలించే అణుబాంబులు, ఉన్నాయి, అంతకు ముందుగానీ తర్వాతగానీ అన్ని లేవు. ఏప్రిల్‌లో చెర్నోబిల్ అణువిద్యుత్ కేంద్రం ప్రమాదం జరిగింది. అక్టోబరులో అమెరికా అధ్యక్షుడు రెగన్, సోవియట్ నాయకుడు గోర్బచోవ్ ఐస్‌లాండ్‌లోని రేక్యవిక్‌లో కూర్చుని అణ్వాయుధాలన్నీ తీసేద్దామా అన్నంతవరకు వెళ్ళి ఉత్తచేతులతో లేచారు. సినిమా తీసిన ఇంగ్లండ్‌లోనే గ్రీనమ్ కామన్ స్థావరం బయట ఆడవాళ్ళు 1981 నుంచి గుడారాలు వేసుకుని క్రూయిజ్ క్షిపణుల మీద పోరాడుతున్నారు.

పిల్లాడి ఉత్తరం కూడా గాలిలోంచి పుట్టిన సంగతి కాదు. సమంతా స్మిత్ అనే పదేళ్ళ అమెరికన్ అమ్మాయి 1982లో సోవియట్ నాయకుడు ఆంద్రోపోవ్‌కి, యుద్ధం చేస్తారా అని అడుగుతూ ఉత్తరం రాసింది. ఆయన జవాబిచ్చి పిలిపించాడు, 1983లో వెళ్ళొచ్చింది. 1985లో విమాన ప్రమాదంలో పోయింది. ఆ రోజుల్లో ఆ పిల్ల పేరు తెలియనివాళ్ళు తక్కువ. రీవ్ ఆశ అమాయకం అనేవాళ్ళు ముందు ఇది గుర్తుపెట్టుకోవాలి.

పాలమూరు_బిడ్డ
సార్, ఉత్తరాన్ని నేను కాదన్ననా? నేనడిగింది వేరే. ఆ పిల్ల దేశాధినేతకు రాసింది, ఆయన సంతకం వెడ్తె చెల్లుతది. జెరెమీ ఎవరికి రాసిండు? ఎవరికీ జవాబు చెప్పే పనిలేని మనిషికి. గదే తేడా.

రీలుడబ్బా
ఆ ప్రశ్న సినిమాలోనే ఉంది తమ్ముడూ. సూపర్‌మ్యాన్ పుట్టిన క్రిప్టాన్ గ్రహం పెద్దలు అతన్ని ముందే వారిస్తారు, ఒక్క మనిషి మీద భారమంతా వెయ్యడం జనానికి నేర్పితే మోసపోవడం నేర్పినట్టేనని. చివర్లో సూపర్‌మ్యాన్ తనే ఒప్పుకుంటాడు, శాంతి నేనిస్తే వచ్చేది కాదు, జనం గట్టిగా కోరుకుని ప్రభుత్వాల చేత ఇప్పించుకోవాలని. సినిమా పూర్తిగా చూసే మాట్లాడుతున్నావా?

పాలమూరు_బిడ్డ
చూసిననే. గంట సేపు తీస్కపోవుడు జూపెట్టి, ఆఖరి నిమిషంల తప్పని చెప్తే లెక్కల వడ్తదా?

కంపోజిటర్_మణికొండ
ఆ ఆఖరి నిమిషం బాగుండకపోవడానికి కారణం కూడా 45 నిమిషాలు కోసెయ్యడమే. మళ్ళీ బడ్జెట్ దగ్గరికే వస్తుంది.

లలిత_జపాన్
ఉద్యోగరీత్యా కొన్నేళ్ళు హిరోషిమాలో ఉన్నాను. అక్కడి మ్యూజియంలో మూడేళ్ళ పిల్లాడి మూడుచక్రాల సైకిలు ఉంది. బాంబు పడ్డప్పుడు ఆ పిల్లాడు దాని మీదే ఉన్నాడు. ఒంటరిగా శ్మశానానికి పంపలేక తండ్రి పెరట్లోనే పాతిపెట్టాడు, సైకిల్ని కూడా పక్కనే పెట్టి. నలభై ఏళ్ళ తర్వాత, 1985లో, తవ్వి తీసి మ్యూజియానికి ఇచ్చాడు. హ్యాండిలు వంగిపోయి, తుప్పు పొరలు లేచి ఉంది. దాని ముందు నిలబడ్డవాళ్ళెవరూ "అనుమతి ఎవరిచ్చారు" అని అడగరండీ. సూపర్‌మ్యాన్ లాంటివాడు నిజంగా ఉంటే తీసుకుపొమ్మనే అంటాను, ఎవర్నీ అడగకుండా.

పాలమూరు_బిడ్డ
లలితక్కా, ఆ సైకిలు ముచ్చట విన్నంక నాకు గూడ మాట రాలేదు. కానీ ఒక్కటి జెప్పుండ్రి. మన బాంబులు గూడ తీస్కపొమ్మంటరా? మా అన్న కార్గిల్‌ల ఉండె. కాలుకు తూటా తగిలింది, ఇప్పటికీ మెట్లెక్కుతుంటె కుంటుతడు. పక్కన అంత పెద్ద చైనా, అటు పాకిస్తాన్. ఎవడో ఎర్ర కేపేసుకుని వచ్చి మనకున్న ఒక్క ధీమా సంచిల ఏస్కపోతే చప్పట్లు కొట్టాల్నా?

చరిత్ర_మాస్టారు
ఒక సవరణ. 1987లో మన దగ్గర తీసుకుపోవడానికి అణు క్షిపణే లేదు. 1974 మే 18న పోఖ్రాన్‌లో పరీక్ష ఒక్కటే జరిగింది. పృథ్వి మొదటిసారి ఎగిరింది 1988 ఫిబ్రవరిలో, అగ్ని 1989 మేలో.

పాలమూరు_బిడ్డ
సార్, నేను తారీకులు అడగలే.

చరిత్ర_మాస్టారు
తారీకులు లేకుండా వాదన ఎలా నిలుస్తుంది? సినిమా 1987లో జరుగుతోంది. అప్పటికి లేని క్షిపణిని ఎత్తుకుపోయాడని మీకు కోపం.

పాలమూరు_బిడ్డ
ఆ లెక్కన ఇంకా అన్యాయం! ఉన్నోళ్ళయి తీస్కపోతడు, మల్ల తయారుచేసే విద్య వాళ్ళకుండనే ఉంటది. మనం ఇంకా నేర్చుకుంటున్నం. వారంల వాళ్ళు మల్ల చేస్కుంటరు, మన చేతుల ఏం మిగుల్తది? మీకు పుస్తకాలే కనవడ్తయి, ఇంట్ల గాయమైనోడు కనవడడు.

చరిత్ర_మాస్టారు
గాయం ఇంట్లో ఉంటే చరిత్ర మారదు నాయనా.

లలిత_జపాన్
మాస్టారూ, ఆ మాట బాలేదు. వాళ్ళ అన్నయ్య గురించి అలా అనడం మీ వయసుకి తగదు. పాలమూరు గారూ, మీకూ ఒక మాట. "మన ఒక్క ధీమా" అంటున్నారే, 1998 మేలో రెండు దేశాలూ పేల్చాయి, ఏడాది తిరక్కుండా కార్గిల్ జరిగింది. ఆ ధీమా మీ అన్నయ్య కాలుని కాపాడిందా?

పాలమూరు_బిడ్డ
అక్కా, మీరు జపాన్‌ల ఏసీ గదిల కూసొని

[ఈ పోస్టులో కొంత భాగం తీసేశాం. మనుషుల మీద కాదు, మాట మీద మాట్లాడండి. - నిర్వాహకులు]

ఉప్పుచేప
సినిమా గురించి మొదలైన చర్చ. కాస్త నెమ్మది.

రీలుడబ్బా
అందరికీ చేతులెత్తి దణ్ణం పెడుతున్నా, ఒక్క సీను గురించి మాట్లాడదాం. ఆఖర్న సూపర్‌మ్యాన్ న్యూక్లియర్ మ్యాన్‌ని ఎత్తుకెళ్ళి అణువిద్యుత్ కేంద్రంలో పడేస్తాడు, ఊరికి కరెంటొస్తుంది. అందరూ నవ్వే సీను ఇది. ఆరేళ్ళ తర్వాత, 1993లో, అమెరికా రష్యాలు అచ్చంగా ఇదే చేశాయి. సుమారు 20,000 వార్‌హెడ్లకి సరిపడే 500 టన్నుల రష్యా యురేనియంని పలచన చేసి అమెరికా విద్యుత్ కేంద్రాలకి అమ్మారు. 2013 దాకా సాగింది. అమెరికాలో వెలిగే బల్బుల్లో పదోవంతు ఆ కరెంటుతో వెలిగిన రోజులున్నాయి. రీవ్‌కి ఆ ఊహ ఎక్కణ్ణుంచి వచ్చినా సరే, నేను నమస్కారం పెడతా.

పాలమూరు_బిడ్డ
నిన్న కోపంల మాట జారిన, అది తీసేసిండ్రు, మంచిదే. రీలన్నా, మీరు చెప్పింది నా వాదనే. అది ఇద్దరు కూసొని రాసుకున్న కాగితం. అమ్మెటోడు అమ్మిండు, కొనెటోడు కొన్నడు. ఎవ్వడూ ఎత్తుకపోలే.

లలితక్క అడిగిన దానికి జవాబు. మా అన్న కాలును బాంబు కాపాడలే, నిజమే. అయినా నాకు కోపం వేరే జాగల ఉంది. అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంల ఏం రాసుకున్నరు? 1967 జనవరి 1 కంటె ముందుగాల పేల్చినోళ్ళు అయిదుగురు ఉంచుకోవచ్చు, మిగిలినోళ్ళు ముట్టొద్దు. మనం సంతకం పెట్టలే. 1988 జూన్‌ల రాజీవ్ గాంధీ అదే ఐక్యరాజ్యసమితిల నిలవడి 2010 కల్ల అన్ని దేశాలు దశల వారిగ తీసేద్దమని ప్రణాళిక ఇచ్చిండు. సూపర్‌మ్యాన్‌కు లేచి చప్పట్లు కొట్టిన సభ అది. మన ప్రధానికి ఏం జవాబొచ్చింది? పదేండ్లు ఆగినం, పేల్చినం. నేను బాంబును ప్రేమిస్తలేను అక్కా. మనల్ని లెక్కల వెట్టని సభను నమ్మమంటె నమ్మలేను, అంతే.

లలిత_జపాన్
ఈ మాట మొదటే చెప్పి ఉంటే మనం ఇంత దూరం వచ్చేవాళ్ళం కాదండీ. సభని నమ్మలేనన్నారు, అది నాకు అర్థమైంది. కానీ 2017లో బాంబు లేని చిన్నదేశాలు చాలా కలిసి అణ్వాయుధాల నిషేధ ఒప్పందం తెచ్చుకున్నాయి, 2021 నుంచి అమల్లో ఉంది. బాంబున్న తొమ్మిది దేశాల్లో ఒక్కటీ చేరలేదు. మనమూ చేరలేదు. ఇప్పుడు ఆ చిన్నదేశాలకి మనమే లెక్కలో పెట్టనివాళ్ళం అయ్యాం కదా?

చరిత్ర_మాస్టారు
ఇద్దరికీ ఒక విషయం. సినిమా జులైలో వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 8న రెగన్, గోర్బచోవ్ వాషింగ్టన్‌లో మధ్యశ్రేణి క్షిపణుల ఒప్పందం మీద సంతకం చేశారు. 1991 నాటికి 2,692 క్షిపణులు ధ్వంసం చేశారు. ఎలా? రష్యాలో వోట్కిన్స్క్ ఫ్యాక్టరీ గేటు దగ్గర అమెరికన్ తనిఖీదారులు, అమెరికాలో యూటా రాష్ట్రంలోని మాగ్నాలో సోవియట్ తనిఖీదారులు ఏళ్ళ తరబడి కాపురం పెట్టి, బయటికొచ్చే ప్రతి లారీనీ గమనించారు. ఒకర్నొకరు నమ్మలేదు కాబట్టే గేటు దగ్గర కూర్చున్నారు. 2019లో ఆ ఒప్పందం కూడా పోయింది, అది వేరే సంగతి.

పాలమూరు_బిడ్డ
గేటు కాడ కూసొనే సీను ఉంటె నేను ఆ సినిమాకు టికెట్ కొంటుంటి. అక్కా, చిన్నదేశాల మాట కొట్టిపారేయలేను. కానీ ముందుగాల ఆ అయిదుగురు గేట్లు తెరవాలె. మనం తెరిచేది వాళ్ళ తర్వాతనే.

లలిత_జపాన్
వాళ్ళూ పక్కవాడి గురించి ఇదే మాట అంటున్నారు. అక్కడే మీకూ నాకూ కుదరదు.

కంపోజిటర్_మణికొండ
ఆ గేటు సీను తీసినా కానన్ వాళ్ళు మిల్టన్ కీన్స్‌లోనే తీసేవాళ్ళు. పని చేసినవాళ్ళకి డబ్బిస్తేనే ఏ కథైనా నిలబడేది, నేను అక్కణ్ణుంచి కదలను.