థర్మాకోల్ కటర్‌కి పవర్ లెక్క: యావరేజా, ఆర్ఎంఎస్సా?

కావలి_డెకరేషన్:
పెళ్లి స్టేజీలకి థర్మాకోల్‌లో పేర్లు కోసే పని మాది. ఫంక్షన్ హాల్లో ప్లగ్ పాయింట్ కోసం ప్రతిసారీ ఎవరినో బతిమాలుకోవడం ఎందుకని 12 వోల్టుల యూపీఎస్ బ్యాటరీ మీద నైక్రోమ్ తీగ కటర్ కట్టుకున్నా. తీగ 2 ఓమ్స్. నేరుగా ఇస్తే ఎర్రగా కాలి అక్షరం అంచులు కరిగిపోతున్నాయి, అందుకని మధ్యలో పీడబ్ల్యూఎం బోర్డు (కరెంటుని వేగంగా ఆన్ ఆఫ్ చేసేది) పెట్టి 25 శాతం దగ్గర నడుపుతున్నా. మీటరు డీసీలో పెడితే తీగ మీద 3 వోల్టులు, కరెంటు 1.5 ఆంపియర్లు. అంటే 4.5 వాట్లేనా? మా పక్క షాపులో మోటార్ వైండింగ్ చేసే అన్నేమో "ఆర్ఎంఎస్ (వర్గాల సగటుకి వర్గమూలం) తీసుకోవాల, నీకు 3 ఆంపియర్లు, 12తో గుణిస్తే 36 వాట్లు" అంటున్నాడు. బ్యాటరీ 26 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు)ది. ఎంతసేపు వస్తుందో తేల్చండన్నా, ముహూర్తాలు దగ్గర పడుతున్నాయి.

ఒంగోలు_ఈఈఈ:
రెండూ కాదు తమ్ముడూ, 18 వాట్లు. సూత్రాలు కాసేపు పక్కన పెట్టు. స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపు 12 వోల్టులు, 6 ఆంపియర్లు, అంటే 72 వాట్లు. ఆఫ్‌లో సున్నా. ఆన్‌లో ఉండేది నాలుగో వంతు కాలమే, కాబట్టి సగటున 18. ఏసీ అయినా డీసీ అయినా పవర్ అంటే ఇదే, ఏ క్షణానికా క్షణం వోల్టేజీని కరెంటుతో గుణించి, వచ్చినదానికి సగటు తీయడం. నువ్వు రెండింటికీ విడివిడిగా సగటు తీసి ఆ తర్వాత గుణించావు, అందుకే 4.5 వచ్చింది.

తీగ వైపు ఆర్ఎంఎస్ ఎందుకంటే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పుడుతుంది. 6 వర్గం 36, దాంట్లో నాలుగో వంతు 9, వర్గమూలం 3. మూడు మూళ్లు తొమ్మిది, ఇంటూ 2 ఓమ్స్, 18. బ్యాటరీ వైపు వోల్టేజీ 12 దగ్గరే నిలబడి ఉంటుంది, మారేది కరెంటొక్కటే, అక్కడ యావరేజ్ చాలు: 12 ఇంటూ 1.5, మళ్లీ 18. మీ అన్న బ్యాటరీ వోల్టేజీని తెచ్చి తీగ ఆర్ఎంఎస్ కరెంటుతో కలిపాడు.

నెల్లూరు_వైండింగ్:
అదేందబ్బా, ఇంటికొచ్చే 230 కూడా ఆర్ఎంఎస్సే గదా, పీక్ 325. ఇన్నేళ్లూ మేం ఆర్ఎంఎస్ ఇంటూ ఆర్ఎంఎస్ కొట్టి లోడు చెప్తున్నాం, ఎవరూ తప్పనలా.

ఒంగోలు_ఈఈఈ:
ఇస్త్రీపెట్టెకీ గీజరుకీ అట్టా చెప్పొచ్చన్నా. మరి రొయ్యల చెరువులో ఏరేటర్ మోటారుకి పవర్ ఫ్యాక్టర్ ఎందుకు కలుపుతున్నావు? వోల్టేజీ, కరెంటు అక్కడ ఒకేసారి ఎక్కి దిగవు కాబట్టి. గోడకున్న డిజిటల్ మీటరు కూడా యూనిట్ల కోసం ఆర్ఎంఎస్‌లు గుణించదు, రెండింటి శాంపిళ్లు వెంటవెంటనే గుణించి కూడుకుంటూ పోతుంది. డీజే బాక్సుల మీద "ఆర్ఎంఎస్ వాట్లు" అని వేస్తారే, ఆ మాట చూస్తే నాకు ఒళ్లు మండుద్ది. అది యావరేజ్ పవరే.

సింగరాయకొండ_సోలార్:
మీటరు గురించి ఒక మాట. చవక మీటరు ఏసీలో పెడితే, వచ్చింది సైన్ వేవ్ అనుకుని యావరేజ్‌ని 1.11తో హెచ్చేసి చూపిస్తుంది, పీడబ్ల్యూఎం దగ్గర ఆ అంకె దేనికీ పనికిరాదు. ట్రూ ఆర్ఎంఎస్ అని రాసున్నవి కూడా చాలావరకు ఏసీ రేంజ్‌లో డీసీ భాగాన్ని వదిలేస్తాయి. తీగ మీద 6 వోల్టులు రావాల్సిన చోట 5.2 చూపిస్తాయి. నీకు ఈ గోలంతా అక్కర్లేదు, బ్యాటరీ వైరు దగ్గర డీసీ ఆంపియర్లు చూసుకో, చాలు.

26ని 1.5తో భాగిస్తే 17 గంటల పైమాట. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి దించకపోతేనే దానికి ఆయుష్షు, కాబట్టి ఎనిమిదిన్నర గంటలు అనుకో. తమాషా ఏందంటే 26ని 3తో భాగించినా దాదాపు అంతే వస్తుంది, అది చూపించి మీ అన్న నిన్ను ఆడుకుంటాడు చూడు. బోర్డు 10 శాతానికి తిప్పి మళ్లీ లెక్కెయ్యమను. యావరేజ్ 0.6, ఆర్ఎంఎస్ 1.9, అప్పుడు రెంటికీ మూడు రెట్ల పైన తేడా.

కావలి_డెకరేషన్:
థ్యాంక్సన్నా. వైరు, ఫ్యూజు మాత్రం దేన్ని బట్టి వేసుకోవాల?

సింగరాయకొండ_సోలార్:
అవి వేడెక్కేది ఆర్ఎంఎస్‌తోనే. అయితే నాబ్ ఎవరైనా పూర్తిగా తిప్పితే 6 ఆంపియర్లు నిలకడగా పోతాయి, దాన్ని బట్టే వైరు తీసుకో. 10 ఆంపియర్ల ఫ్యూజు బ్యాటరీ ప్లస్ పక్కనే పెట్టు.