అప్‌డేట్: తమ్ముణ్ణి అమెరికా ఏవియేషన్ యూనివర్సిటీకి పంపడం లేదు

ఇంటర్ ఎంపీసీ అయిన మా తమ్ముణ్ణి పైలట్ చదువుకి అమెరికాలో ఖరీదైన యూనివర్సిటీకి పంపాలా, అందుకోసం కావలి దగ్గరి రొయ్యల చెరువు అమ్మాలా అని అడిగాను కదా. అమ్మడం లేదు.

అక్కడ ట్యూషన్ ఫీజు వేరు, ఫ్లయింగ్ ఖర్చు వేరు. ఆ డిగ్రీతో అసలు లాభమేంటంటే, ఎయిర్‌లైన్‌లో చేరడానికి 1500 గంటల ఫ్లయింగ్‌కి బదులు 1000 గంటలు చాలు. కానీ అది అమెరికాలో ఉద్యోగం చేసే వీలున్నవాళ్లకి! మనవాడు తిరిగొస్తే అక్కడి పైలట్ లైసెన్సుని డీజీసీఏ (మన దేశ విమానయాన నియంత్రణ సంస్థ) దగ్గర మార్పించుకోవాలి, మళ్లీ పరీక్షలు. ఇక్కడ సీపీఎల్‌కి (కమర్షియల్ పైలట్ లైసెన్సు) డిగ్రీయే అక్కర్లేదు. ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్, డీజీసీఏ పేపర్లు, 200 గంటల ఫ్లయింగ్, క్లాస్ 1 మెడికల్ (పైలట్‌కి చేసే ఆరోగ్య పరీక్ష) కావాలి. టైప్ రేటింగ్ (ఒక్కో రకం విమానం నడపడానికి విడిగా తీసుకునే శిక్షణ) ఖర్చు ఎక్కడ చదివినా మీద పడేదే. ఈ ముక్క అమెరికా పంపిస్తానన్న కన్సల్టెన్సీ ఆయన నోట రానేలేదు.

ముందు మెడికల్ చేయించమన్నవాళ్లకి థాంక్స్. క్లాస్ 1కి ముందు చేసే క్లాస్ 2 అయింది, కళ్లజోడుతో ఇబ్బంది రాలేదు. ఇప్పుడు నేవిగేషన్, మెటియరాలజీ చదువుతున్నాడు. అమేఠీ జిల్లాలోని ప్రభుత్వ పైలట్ అకాడమీ ఇగ్రువా ఎంట్రన్స్ కూడా రాస్తాడట. అమ్మ మాత్రం నెల్లూరు చుట్టాలకి ఇంకా అమెరికా అనే చెబుతోంది.