చర్చ: ‘పిక్ అప్’ మీరు ఎక్కడ, ఏ అర్థంలో విన్నారు?

పాలకొల్లు_నర్సింగ్
అందరికీ నమస్కారం అండి. బీఎస్సీ నర్సింగ్ అయ్యింది, ఓఈటీకి, అంటే విదేశాల్లో వైద్యరంగంలో పనిచేయడానికి రాసే ఇంగ్లిష్ పరీక్షకి చదువుతున్నాను. చదవడం, రాయడం పర్వాలేదు, వినడం దగ్గరే టెన్షన్. తెలిసిన చిన్న మాటలు రెండు కలిసి వస్తే అక్కడే ఆగిపోతున్నాను. ‘పిక్ అప్’ అంటే తీయడం, బండి ఎక్కించుకోవడం అనుకున్నాను. ప్రాక్టీస్ ఆడియోలో ఒక నర్సు ‘షి ఈజ్ పికింగ్ అప్ నైస్‌లీ’ అంది. దేన్ని తీస్తోందో, ఎవరిని ఎక్కించుకుంటోందో వాక్యంలో లేదు. జవాబు చూస్తే ‘రోగి కోలుకుంటోంది’ అని ఉంది. అర్థాల జాబితా నా దగ్గర ఉంది కానీ బుర్రలో నిలవట్లేదు. మీరు చెవులారా విన్న వాక్యాలు చెప్పండి, ప్లీజ్.

రాజోలు_కువైట్
అమ్మాయ్, నేను కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవర్ని. పొద్దున లేస్తే నాకు వినపడేది ఈ మాటే. పిల్లల్ని స్కూల్ నుంచి తీసుకురావడం పిక్ అప్. లాండ్రీలో బట్టలు తేవడం పిక్ అప్. ‘పిక్ అప్ సమ్ బ్రెడ్ ఆన్ ది వే’ అంటే దారిలో రొట్టెలు కొనుక్కురమ్మని. కొనడం అన్న మాట అందులో ఉండదు, అయినా కొనాలి. ఫోన్ ఎత్తకపోతే ‘వై డిడింట్ యూ పిక్ అప్’. దింపడాన్ని మనం ‘డ్రాప్ చెయ్యి’ అంటాం, వీళ్లు ‘డ్రాప్ ఆఫ్’ అంటారు.

ఇంకోటి కూడా ఉంది. అరబీ ఎక్కడ నేర్చుకున్నావని ఎవరైనా అడిగితే ‘ఐ పిక్డ్ ఇట్ అప్ హియర్’ అంటాను. కూర్చోబెట్టి నేర్పితే ‘లెర్న్’. నలుగురిలో తిరుగుతూ, వినగా వినగా అబ్బితే ‘పిక్ అప్’. గల్ఫ్‌లో ఉన్న మన కోనసీమ వాళ్లలో చాలామందికి భాష ఇలాగే వచ్చింది.

భీమవరం_చెరువులు
ఒకే రొయ్యల చెరువు గట్టు మీద రెండు అర్థాలు విన్నాను. మేత కంపెనీ నుంచి ఒక టెక్నీషియన్ వచ్చేవాడు, ఆయనకి తెలుగు రాదు. రాత్రిపూట నీళ్లలో నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది కదా, అందుకే తెల్లవారుజాముకి డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, బాగా పడిపోతుంది. అప్పటిదాకా నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు ఆపొద్దని చెబుతూ ‘డీవో విల్ పిక్ అప్ ఆఫ్టర్ సన్‌రైజ్’ అన్నాడు. ఎండ పడ్డాక పుంజుకుంటుందని. అదే పూట, చెరువు చుట్టూ పీతలు రాకుండా వల కట్టమంటూ ‘ష్రింప్ కెన్ పిక్ అప్ వైట్ స్పాట్ ఫ్రమ్ క్రాబ్స్’ అన్నాడు. పీతల నుంచి రొయ్యలకి వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు అంటుకుంటుందని. మొదటిది ధైర్యం చెప్పే మాట, రెండోది రైతుకి నిద్రపట్టనివ్వని మాట. వంద కౌంట్ (కిలోకి వంద తూగే రొయ్యలు) రేటు ఎప్పుడు లేస్తుందని అడిగితే దానికీ ‘ప్రైసెస్ విల్ పిక్ అప్’ అనేవాడు.

తణుకు_ఇంగ్లిష్_మాస్టారు
ఇప్పటిదాకా వచ్చిన పోస్టులన్నీ వరసగా చదవమ్మా, దారి అందులోనే ఉంది. ప్రతి వాక్యాన్నీ ‘దేన్ని? ఎవరిని?’ అని అడిగి చూడు. జవాబు దొరికితే, ఏదో ఒకటి చేతికి వచ్చిందనో, వెంట వచ్చిందనో అర్థం. రొట్టె, పిల్లలు, భాష, చివరికి రోగం కూడా. జవాబు దొరక్కపోతే ఆ కర్తే పైకి లేస్తోందన్నమాట. ఆక్సిజన్, ధర, నీ ఆడియోలో రోగి. తగ్గినది, నీరసించినది మళ్లీ బాగుపడటం, ఊపందుకోవడం.

మన ‘అందుకోవడం’ కూడా కొంత ఇలాగే నడుస్తుంది. బిందె అందుకుంటాం, ఉత్తరం అందుకుంటాం, పక్కవాడు ఆపిన పాట అందుకుంటాం. రైలు వేగం అందుకుంటుంది, వాన జోరందుకుంటుంది. అన్నిచోట్లా అతకదు, జబ్బుని ఎవరూ అందుకోరు. కానీ ఒకే క్రియ చేతిలో వస్తువు నుంచి వాన జోరు దాకా సాగడం మన చెవికి కొత్తేమీ కాదు.

ఇలాంటి జంట మాటలకి ‘ఫ్రేజల్ వర్బ్’ అన్న పేరును 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ ప్రచారంలోకి తెచ్చాడు. ఆ పేరు తనకి సూచించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ అని ఆయనే చెప్పాడు. పేరుకి వందేళ్లే గానీ వాడుక చాలా పాతది. బళ్లో మేము పిల్లలకి కలెక్ట్, ఇంప్రూవ్, అక్వైర్ నేర్పుతాం. ఆ మూడు పనులూ ఇంగ్లిష్ వాళ్ల ఇళ్లలో ఈ ఒక్క మాట చేసేస్తుంది. మన పిల్లలు పరీక్ష రాయగలిగి కూడా మాట వినేటప్పుడు చిక్కుకునేది ఇక్కడేనని నా గట్టి నమ్మకం. సిలబస్‌లో దీనికి ఇచ్చే చోటు చాలదు.

అంతర్వేది_సీమన్
మాస్టారూ, మీ పద్ధతి బాగుందండి, కానీ ఫోన్ దగ్గర ఆగుతుంది. ‘హి డిడింట్ పిక్ అప్’లో దేన్ని అన్నదానికి జవాబు లేదు. అలాగని అతను కోలుకోలేదని కాదు కదా.

మా ఓడలో వినేవి కూడా చెబుతాను. ‘విండ్ ఈజ్ పికింగ్ అప్’ అంటే గాలి పెరుగుతోందని. రాడార్ మీద చిన్న పడవ కనపడితే రాడార్ దాన్ని ‘పిక్ అప్’ చేసింది. రేవు దగ్గరికి వెళ్లాక, ఓడని లోపలికి నడిపించే పైలట్‌ని పడవలోంచి ఎక్కించుకోవడం ‘పిక్ అప్ ది పైలట్’. నీళ్లలో పడ్డవాళ్లని కాపాడి ఎక్కించుకున్నా ఇదే మాట.

తణుకు_ఇంగ్లిష్_మాస్టారు
మంచి ప్రశ్న బాబూ. అక్కడ ఫోన్ అన్న కర్మ ఉంది, పైకి చెప్పరంతే. మనం ‘ఎన్నిసార్లు చేసినా ఎత్తట్లేదు’ అంటే ఫోన్ అని వేరే చెప్పక్కర్లేదు కదా, అలాగే. ఇంకొకటి కూడా పద్ధతికి లొంగదు: ‘లెట్స్ పిక్ అప్ వేర్ వి లెఫ్ట్ ఆఫ్’, ఆపిన చోట నుంచి మళ్లీ మొదలుపెడదామని. ఈ రెంటినీ విడిగా గుర్తుపెట్టుకోవాలి.

లంక_రైతు
మరి గోదావరి వరదకి ఈ మాట వాడొచ్చా మాస్టారూ?

తణుకు_ఇంగ్లిష్_మాస్టారు
ఆయ్, చూసి వాడాలి. ధవళేశ్వరంలో నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ మట్టం పెరగడానికి ‘రైజ్’ అనే అంటారు, పిక్ అప్ అనరు. ప్రవాహం వడి పెరిగితే మాత్రం ‘ది కరెంట్ ఈజ్ పికింగ్ అప్’ అనొచ్చు. వేగం, జోరు, గిరాకీ వంటి వాటికే ఇది బాగా నప్పుతుంది.

కొత్తపేట_మెకానిక్
‘బండికి పికప్ లేదు’ అని రోజూ షెడ్డుకి వస్తారు. ఇది ఇంగ్లిష్ కాదని మా తమ్ముడి వాదన.

తణుకు_ఇంగ్లిష్_మాస్టారు
ఇంగ్లిషే. బండి చప్పున వేగం అందుకునే గుణాన్ని అమెరికన్ నిఘంటువుల్లో ‘పికప్’ అనే ఇచ్చారు. ఇక్కడ అది నామవాచకం, కలిపి ఒకే మాటగా రాస్తారు. మన వీధుల్లో కొబ్బరికాయలు, అరటిగెలలు మోసే పికప్ వ్యాన్ కూడా అంతే. క్రియ అయితే విడదీసి రాయాలి.

నర్సాపురం_లేసు
మా లేసు పని కొక్కెం సూదితో చేసే క్రోషే. రెండు సూదుల అల్లిక నమూనాలు ఇంగ్లిష్‌లో చూస్తే ‘పిక్ అప్ స్టిచెస్’ అని వస్తుంది. అల్లేసిన గుడ్డ అంచు వెంబడి కొత్త కుట్లు సూది మీదికి ఎక్కించుకోవడం. మెడ పట్టీ అలాగే మొదలుపెడతారు. మాస్టారి ప్రశ్నకి ఇక్కడా జవాబు దొరికింది.

అమలాపురం_టు_లీడ్స్
చెల్లీ, నేను ఇంగ్లండ్‌లో వార్డులో పనిచేస్తున్నాను. నీకు పనికొచ్చేవి ఇవీ. ‘కెన్ యూ పిక్ అప్ ఎ షిఫ్ట్ ఆన్ సాటర్డే?’ అంటే శనివారం అదనంగా ఒక డ్యూటీ చేస్తావా అని. ఇది తెలియక తల ఊపావంటే సెలవు పోతుంది, జాగ్రత్త. ‘హి పిక్డ్ అప్ ఎ చెస్ట్ ఇన్ఫెక్షన్’, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ సోకిందని. ‘ది ప్రోబ్ ఈజంట్ పికింగ్ అప్’, వేలికి పెట్టిన క్లిప్పు పల్స్‌ని పట్టుకోవట్లేదని. చేతులు చల్లగా ఉన్నా, గోళ్ల రంగు ఉన్నా అలా అవుతుంది. వెంటనే వేలు మార్చి చూడాలి. ‘హర్ డాటర్ విల్ పిక్ అప్ ది ప్రిస్క్రిప్షన్’, మందులు కూతురు వచ్చి తీసుకుంటుందని.

వీటికి తోడు ‘పిక్ అప్ ఆన్’ అని ఒకటుంది, ఓఈటీలో వచ్చేదే. రోగి నోటితో చెప్పకపోయినా భయపడుతోందని నువ్వు పసిగడితే ‘షి పిక్డ్ అప్ ఆన్ ది పేషెంట్స్ ఫియర్’. నర్సుకి ఇంతకంటే పెద్ద మెచ్చుకోలు లేదు. దీన్ని మధ్యలో విడగొట్టకూడదు. మామూలు పిక్ అప్‌లో మాత్రం ‘ఇట్’, ‘హర్’, ‘దెమ్’ తప్పకుండా మధ్యలోకే వెళ్లాలి. ‘పిక్ హర్ అప్’ అనాలి, ‘పిక్ అప్ హర్’ అనకూడదు.

పాలకొల్లు_నర్సింగ్
అక్కా, చాలా థాంక్స్. మాస్టారు చెప్పిన ప్రశ్న వేసుకుంటూ పాత ఆడియోలు మళ్లీ విన్నాను. రాసి ఉంటే ఇప్పుడు తేలిగ్గానే తెలుస్తోంది. వింటున్నప్పుడే, మధ్యలో ‘ఇట్’ వస్తే మాట మొత్తం జారిపోతోంది.

అమలాపురం_టు_లీడ్స్
అది విడివిడిగా వినపడదు, చెల్లీ. మన సంధిలాగా కలిసిపోయి ‘పికిటప్’ అని వస్తుంది. ‘పిక్ హర్ అప్’లో ‘హ’ కూడా ఎగిరిపోయి ‘పికరప్’ అవుతుంది. ఊనిక ఎక్కడ పడుతుందో విను. క్రియ అయితే ‘అప్’ మీద గట్టిగా పలుకుతారు. పికప్ అన్న నామవాచకం అయితే మొదటి ‘పిక్’ మీద. ఆడియో వేగం తగ్గించి వినకు, తగ్గిస్తే ఈ కలయిక సరిగ్గా తెలియదు. అసలు వేగంతోనే ఒక్క వాక్యం తీసుకుని, ఆపి, పైకి అదే వరసలో పలుకు. నోటికి ‘పికిటప్’ వస్తే చెవి పట్టేస్తుంది. ‘పుటిటాన్’, ‘టేకిటాఫ్’ కూడా ఇలాగే సాధన చెయ్యి. మందుల పట్టీలు, ఆక్సిజన్ మాస్కుల దగ్గర అవి రెండూ వినపడుతూనే ఉంటాయి.