దీపాలదిన్నె: మరిచిపోయి తవ్వారా, తెలిసే పాడుచేశారా?

పల్నాటిరాయి: అమరావతి స్తూపం దిబ్బను 1790లలో తవ్వించింది అక్కడి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు. కొత్త ఊరు కడుతున్నాడు, ఇటుకా రాయీ కావాలి, దిబ్బలో దొరికాయి. అంతే. బౌద్ధ స్తూపమన్న సంగతి అప్పటికి ఊళ్లో ఎవరికీ తెలీదు, దీపాలదిన్నె అనేవారు. తెలియక చేసినదాన్ని నేరమనడం అన్యాయం.

శాసనాలపిచ్చి: తెలీదు సరే, ఎప్పటినుంచి? 1182లో ఆ ప్రాంతపు రాజు కోట కేతరాజు అక్కడి బుద్ధుడికి ఊళ్లూ అఖండదీపాలూ ఇచ్చాడు. ఆ శాసనం ఉన్నది శివుడి గుడిలో, అమరేశ్వరాలయం స్తంభం మీద! 1344 నాటి సింహళ (శ్రీలంక) గడలదెణియ శాసనం ధాన్యకటకంలో, అంటే ఈ అమరావతిలోనే, ధర్మకీర్తి అనే బౌద్ధ భిక్షువు రెండంతస్తుల విగ్రహ మందిరాన్ని బాగుచేయించాడంటుంది. దిన్నె పేరులోని దీపాలు కేతరాజువేనని నా అనుమానం.

పల్నాటిరాయి: పేరు మీద అంత బరువు మోపకండి. ఆ 1344 శాసనానికీ నాయుడి తవ్వకానికీ మధ్యే నాలుగున్నర వందల ఏళ్లున్నాయి.

సున్నంబట్టీ: రాయి సంగతి ఇద్దరూ వదిలేశారు. దొరలు మార్బుల్ అని రాశారు గానీ అది పల్నాటి సున్నపురాయి. పలకలుగా చీలుతుంది, ఉలికి లొంగుతుంది, శిల్పులకు నచ్చింది అందుకే. దాని చావూ అందులోనే ఉంది: బట్టీలో 900 డిగ్రీల దాకా కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి సున్నం మిగులుతుంది. అదే నల్లరాయి అయితే బట్టీవాడు ముట్టుకోడు. శివగంగ చెరువు మెట్లకు వేసిన పలకను ఊడదీయవచ్చు. గోడకు కొట్టిన సున్నంలోంచి పద్మాన్ని ఎవరు తీస్తారు?

శాసనాలపిచ్చి: మరి విలువ తెలిసినవాళ్లు చేసిందేమిటండీ? 1845లో కంపెనీ అధికారి ఇలియట్ తవ్వించిన పలకలు మద్రాసులో ఏళ్ల తరబడి ఎండావానల్లో పడున్నాయి. 1859లో 121 లండన్‌కు వెళ్తే, అక్కడ కొన్ని బండ్లశాలలో దుమ్ము కొట్టుకుపోతుంటే 1867లో వాస్తు చరిత్రకారుడు ఫెర్గూసన్ కంటపడ్డాయి. 1880లో మద్రాసు గవర్నరు స్తూపం చోటంతా తవ్వి శుభ్రం చేయమన్నాడు. మరుసటేడు పురావస్తు శాఖ బర్గెస్ వచ్చి చూస్తే పెద్ద గొయ్యి! పొరల వరుస చెదిరితే ఏది ముందు కట్టారో, ఏది తర్వాత చేర్చారో మట్టి ఇక చెప్పదు.

పల్నాటిరాయి: ఆ గొయ్యి విషయంలో మీతో వాదన లేదు. కానీ 1798లో దిబ్బను చూసిన కంపెనీ సర్వేయరు మెకంజీ 1816లో మళ్లీ వచ్చేసరికే బోలెడు పలకలు మాయం. అప్పుడు గీయించిన బొమ్మల్లో తప్ప ఇంకెక్కడా లేని పలకలున్నాయి. గవర్నరు ఆజ్ఞకు ముందే పోయినవాటిని ఎవరి ఖాతాలో రాద్దాం?

సున్నంబట్టీ: నాయుడిగారి ఖాతాలోనే.