వేసవి హెదర్ నడిమధ్య బోసిపోయింది: మొదలంటా కత్తిరిస్తే మళ్లీ చిగురిస్తుందా?

ప్రశ్న: ముంగిలి

మా పెరట్లో గడ్డి కోయడానికి వీలుపడని ఏటవాలు చోటు ఒకటి ఉంది. ఏడాది పొడవునా పచ్చగా ఉండి నేలను కప్పేసే మొక్క కావాలని నాలుగేళ్ల కిందట అక్కడ హెదర్ అనే పొట్టి పొద మొక్కలు ముప్ఫై నాటాను. చీటీ మీద కల్లూనా వల్గారిస్ అని ఉంది. వేసవిలో పూసే రకమే. (వేసవి అంటే మనకు అలవాటైన ఏప్రిల్, మే కాదు, చల్లని ప్రాంతాల లెక్కన జూన్ నుంచి ఆగస్టు వరకు.) మొదటి రెండేళ్లు ఆగస్టులో మొదలైన ఊదారంగు పూత అక్టోబరు దాకా నిలిచింది, తేనెటీగల రొద గుమ్మం దాకా వినిపించేది. ఇప్పుడు ఒక్కో మొక్క నడిమి నుంచి విచ్చుకుపోయి లోపలి బోసి పుల్లలు బయటపడ్డాయి, పచ్చదనమంతా కొమ్మల చివర జానెడు మేరకే మిగిలింది, ఆ సందుల్లో గడ్డి మొలుస్తోంది. ఇది చాలదన్నట్టు, ఒక చివరనున్న ఏడెనిమిది మొక్కలకు కొత్త చివుళ్లు పసుపుపచ్చగా వస్తున్నాయి. ఇన్నాళ్లూ కత్తెర పెట్టలేదు, ఎరువూ వేయలేదు. నేలకు నాలుగు వేళ్ల ఎత్తున మొత్తం నరికేస్తే మళ్లీ గుబురుగా చిగురిస్తాయా, లేక పీకేసి కొత్తవి నాటుకోవలసిందేనా?

సమాధానం: మట్టివాసన

ముంగిలి గారూ, దయచేసి నరకకండి. హెదర్ ఆకు ఉన్న కొమ్మ నుంచి చక్కగా చిగురిస్తుంది గాని, ఆకు రాలిన ముదురు పుల్ల నుంచి చిగురించడం అరుదు. కల్లూనా అన్న పేరుకు మూలం శుభ్రం చేయడం అనే అర్థమున్న గ్రీకు మాట. ఈ పుల్లలతో చీపుళ్లు కట్టేవారు కాబట్టి ఆ పేరు వచ్చిందంటారు. కత్తిరింపు లేక మీ మొక్కలు ఆ చీపురు దశకే చేరుకున్నాయి.

చేయవలసిన పని ఏటా ఒక్కసారే ఉంటుంది. చలి తగ్గి కొత్త చివుళ్లు రాకముందు, అంటే మార్చి నెలలోనో ఏప్రిల్ మొదట్లోనో, ఎండిన పూల కంకి ఎక్కడ మొదలైందో చూసి దానికి కాస్త దిగువన, ఆకు ఉన్న భాగంలోనే కత్తిరించాలి. పూత అయిపోగానే కత్తిరించాలని కొందరు తొందరపడతారు గాని, నేను మాత్రం ఆగుతాను. కల్లూనా పువ్వులో మనకు కనిపించే రంగు ఎక్కువగా రక్షక పత్రాలది. అవి వాడినా రాలిపోకుండా కాగితంలా కొమ్మను అంటిపెట్టుకుని, శీతకాలమంతా గోధుమవన్నెలో కంటికి ఇంపుగా ఉంటూ, కింది చివుళ్లకు మంచు నుంచి కొంత రక్షణ కూడా ఇస్తాయి.

ఉన్న మొక్కలను దక్కించుకోవాలంటే ఒక పాత ఉపాయం ఉంది. వసంతారంభంలో మొక్కను వేరుముద్దతో సహా తవ్వి తీసి, లోతైన గుంటలో దించి, కొమ్మల మధ్య సందుల్లో ఇసుక కలిపిన పీట్ మట్టి (చిత్తడి నేలల్లో నాచు కుళ్లి ఏర్పడే మట్టి) కూరి, చివర్లు మాత్రం రెండు మూడు వేళ్ల ఎత్తున పైకి కనిపించేలా పూడ్చేయండి. నేల తడి ఆరకుండా చూసుకుంటే, పూడ్చిన కొమ్మలు దాదాపు ఏడాదిలో వేళ్లూనుతాయి. అప్పుడు తవ్వి, వేరున్న ముక్కలను విడదీసి నాటుకోవచ్చు. ఒక్క ముసలి మొక్క నుంచి చాలా పిల్లమొక్కలు వస్తాయి. అసలు మొక్కను మాత్రం వదులుకోవలసిందే.

సమాధానం: కొండదారి

మట్టివాసన గారి మాటతో చాలావరకు ఏకీభవిస్తాను గాని, ఒక సందేహం. స్కాట్లండ్ కొండనేలల్లో గ్రౌస్ పక్షుల మేత కోసం హెదర్‌ను వంతులవారీగా తగలబెడతారు, అది మళ్లీ పచ్చగా లేస్తుంది కదా. నిప్పుకు చావనిది కత్తెరకు చస్తుందా?

సమాధానం: మట్టివాసన

మంచి ప్రశ్న. అక్కడ తిరిగి లేచేదంతా పాత మొక్కే కాదు. వయసులో ఉన్న మొక్కలైతే నేలమట్టంలోని మొదలు నుంచి చిగురిస్తాయి. ముదిరేకొద్దీ ఆ శక్తి తగ్గిపోతుంది, అప్పుడు నేలలో ఏళ్ల తరబడి నిద్రాణంగా పడి ఉన్న విత్తనాలే దిక్కు. కొండ మీద వేల మొక్కల్లో సగం చచ్చినా విత్తనం ఆ లోటు తీరుస్తుంది. పెరట్లోని ముప్ఫై మొక్కలతో ఆ జూదం ఆడలేము. నాలుగేళ్ల మొక్కలు కాబట్టి కొన్ని బతకవచ్చు. కావాలంటే రెండింటి మీద ప్రయత్నించి చూడండి.

సమాధానం: వానచినుకు

పసుపుపచ్చ చివుళ్ల గురించి ఎవరూ చెప్పలేదు. అది కత్తిరింపు లోపం కాదు, నేలలో సున్నం. వేసవి హెదర్లకు ఆమ్ల నేల కావాలి, పీహెచ్ (ఆమ్లతను తెలిపే కొలత) 4.5 నుంచి 5.5 మధ్య ఉంటే హాయిగా పెరుగుతాయి. సున్నం ఎక్కువైతే నేలలో ఇనుము ఉన్నా వేరుకు అందదు, లేత ఆకు పాలిపోతుంది. ఆ చివర మట్టిని గుప్పెడు తీసి, ఆరబెట్టి, దాని మీద వెనిగర్ పోయండి. బుసబుస పొంగితే సున్నం ఉన్నట్టే. పొంగనంత మాత్రాన ఆమ్ల నేల అని అనుకోకూడదు, దానికి పీహెచ్ కొలిచే కిట్ కావాలి. కుళాయి నీరు కఠిన జలమైతే తడుపులకు వాననీరే పట్టి వాడండి. ఎరువు వేయకపోవడం మీరు చేసిన మేలే: దీని వేళ్లలో కాపురముండే శిలీంధ్రం నిరుపేద నేలలోంచే పోషకాలు లాగి మొక్కకు ఇస్తుంది, పశువుల ఎరువు వేస్తే కొమ్మలు సాగి వాలిపోతాయి.

ముంగిలి

అందరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం రెండు పనులు చేశాను. పాలిపోయిన మొక్కలు సిమెంటు గోడ పక్కనే ఉన్నవని ఇప్పుడే గమనించాను. ఆ మట్టి మీద వెనిగర్ పోయగానే సోడాలా నురగ లేచింది, ఏటవాలు మధ్యలోని మట్టి మాత్రం కదలలేదు. రెండోది, ఒక మొక్కను తవ్వి చూస్తే వేరుముద్ద నాలుగేళ్ల తరువాత కూడా కుండీ ఆకారంలోనే, అడుగున వేళ్లు చుట్టలు చుట్టుకుని ఉంది. చుట్టూ ఉన్న మట్టిలోకి పట్టుమని పది వేళ్లు కూడా పాకలేదు.

సమాధానం: మట్టివాసన

అయితే సగం కథ అక్కడే ఉంది. కొత్తవి నాటేటప్పుడు ముద్దను నీటిలో బాగా నానబెట్టి, అడుగున చుట్టుకున్న వేళ్లను చేత్తోనే విడదీసి, కింది ఆకులు మట్టిని తాకేంత లోతున నాటండి. అలా నాటితే మట్టిని ఆనుకున్న కొమ్మలు తామే వేళ్లు దింపుతాయి, నడిమి బోసి కావడం తగ్గుతుంది. మొక్కకు మొక్కకు 30 నుంచి 45 సెంటీమీటర్ల ఎడం చాలు. ఎడాన్ని బట్టి చదరపు మీటరుకు ఐదు నుంచి పదకొండు దాకా పడతాయి. అవి కలిసిపోవడానికి రెండు మూడేళ్లు పడుతుంది. అప్పటిదాకా మధ్యలో బెరడు ముక్కలు పరచండి, కలుపును చేత్తో తీయక తప్పదు.

గోడ పక్కన గంధకం చల్లి పీహెచ్ దించాలని శ్రమపడకండి, గోడలోని సున్నం వానకు ఎప్పుడూ కారుతూనే ఉంటుంది. ఆ వరుసలో ఎరికా కార్నియా అనే మరో రకం హెదర్ వేయండి, అది సున్నాన్ని ఓర్చుకుంటుంది. పూత మాత్రం శీతకాలం చివర వస్తుంది. వేసవి పూతే కావాలంటే ఎరికా వేగన్స్ అనే ఇంకో హెదర్ సున్నాన్ని కొంతవరకు తట్టుకుంటుంది గాని, అంతగా నురగ లేచిన మట్టిలో నేనైతే దాన్ని నాటను.